డౌటీ మరుభూమియాత్రయు, నాతని గ్రంథభాషయు

క్రీ. శ. 1888వ సంవత్సరమునఁ గేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు రెండు పెద్ద సంపుటములుగా నొక యాత్రాగ్రంథమును బ్రకటించిరి. దాని పేరు ‘ట్రావెల్సు ఇన్ అరేబియా డెసర్టా’. ప్రాచీన యవన రోమక భూగోళజ్ఞులు అరేబియాను సుభిక్షమైన భాగము, శిలామయమైన భాగము, నిర్జనమైన భాగము అని మూఁడుగా విభజించిరి. అందుఁ గడపటిదానికి వారు పెట్టిన పేరే ‘అరేబియా డెసర్టా’. గ్రంథకర్త చార్లెస్ మాంటేగ్యు డౌటీ. మొదట నచ్చయినవి 500 ప్రతులు. అంతకుముందు పలువురు ప్రకాశకులు ఆ గ్రంథమును నిరాకరించి యుండిరి. స్వీకరించిన ముద్రణాలయాధికారులకును దాని భాష రుచింపలేదు. నాఁటి చదువరులకు సుబోధమగునట్లు తిరిగి వ్రాయవలసినదని వారు కోరఁగా గ్రంథకర్త యొప్పుకొనలేదు.

యాత్రకుఁ బట్టిన కాలము ఇరువదియొక్క నెలలు. రచనకును ముద్రణమునకును బట్టినది సుమారు తొమ్మిదేండ్లు. ఈ రెండు సంఖ్యలను బ్రక్కప్రక్కను బెట్టి చూచినచో డౌటీ యుద్దేశము కొంత తెలియును. ఎడారిని జూచి వచ్చినవారు ఇతరులును గలరు. చూచినదానికిఁ దగిన భాష యేదియని తొమ్మిదేండ్లు వెదకినవాఁ డితఁడు. ఆ భాష ప్రాచీనము, కఠినము, సమకాలికులు విడిచిపెట్టిన పదములతో నిండినది. అట్టి భాష యాత్రాకథనమునకు భారమా, బలమా యను విషయమున నాంగ్లేయ విమర్శకులలోఁ జిరకాలము చర్చ నడచినది. దానికిఁ దగిన సమాధానము డౌటీ జీవితమునందే కలదు. కావున ముందుగా జీవితమును, దరువాత గ్రంథమును విచారించుట యుచితము.

జననము, విద్య

డౌటీ 1843 ఆగస్టు 19వ తేదిని ఇంగ్లండులోని సఫొక్ మండలమున థెబర్టన్ గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుఁడు, భూస్వామి. పుట్టిన కొలఁది నెలలకే తల్లియు, ఆఱేండ్ల ప్రాయమునఁ దండ్రియు మరణించిరి. బంధువుల పోషణమునఁ బెరిగిన యీ బాలుఁడు నౌకాసేనలోఁ జేరఁగోరి యందులకుఁ దగిన పాఠశాలలోఁ జదివెను. మాటలో నుండిన స్వల్పమైన నత్తి కారణముగా నాతనిని సేనలోఁ జేర్చుకొనరైరి. మాట తడఁబడునని త్రోసివేయఁబడిన బాలుఁడే యొక్కొక్క మాటను దూఁచి వాడిన గ్రంథకర్త యయ్యెను.

కేంబ్రిడ్జిలో నాతఁడు ముఖ్యముగా నభ్యసించినది భూగర్భశాస్త్రము. విద్యార్థిగా నుండఁగనే నార్వే దేశమునకుఁ బోయి, యచ్చటి హిమనదులను బరిశీలించి, వానినిగూర్చి యొక వ్యాసము వ్రాసెను. 1865లోఁ బట్టము పొందినపిదప నాతని దృష్టి వాఙ్మయముమీఁదికి మరలెను. 1868 మొదలు ఆక్సుఫర్డులోని బోడ్లియను గ్రంథాలయమునఁ బూర్వాంగ్ల గ్రంథములను జదువుచుఁ గాలము గడపెను. పదునాలుగవ శతాబ్దివాఁడగు ఛాసరును, పదాఱవ శతాబ్దివాఁడగు స్పెన్సరును ఆతనికి గురుస్థానీయులైరి. ఆంగ్లభాష వీరి కాలమున నున్నతదశ నంది, యటుపిమ్మట సడలిపోయెనని యాతని దృఢవిశ్వాసము. బ్రిటను జాతి ప్రాచీనచరిత్రము నొక మహాకావ్యముగా వ్రాయవలయునను సంకల్పము యౌవనముననే కలిగినది. ఎడారియాత్ర యా సంకల్పమునకు నడుమ వచ్చి చేరినదే కాని మొదటి యుద్దేశము కాదు.

పిత్రార్జితము చాలవఱకు నశింపఁగా, స్వల్పవ్యయముతోఁ బరదేశములు చూచుట మేలని తలఁచి 1870లో నాతఁడు ఇంగ్లండు విడిచెను. హాలండు, ఇటలీ, స్పెయిన్, గ్రీసు మొదలగు దేశములు తిరిగెను. 1872లో వెసూవియసు పర్వతము నిప్పులు గ్రక్కుచుండఁగా దగ్గఱనుండి చూచెను. ఈ దర్శనము తరువాత నరేబియాలో నాతని కుపకరించినది. అచ్చట ‘హర్రా’ యని పిలువఁబడు నల్లని శిలాప్రదేశములు పూర్వమెన్నఁడో యగ్నిపర్వతములనుండి ప్రవహించి గడ్డకట్టిన శిలాద్రవమని గుర్తించి, యచ్చటి ప్రకరణమున వెసూవియసును స్మరించి వర్ణించెను. గ్రంథములు చదివిన చెవియు, శిలలు చదివిన కన్నును ఆతనియందుఁ గూడియుండెను.

హిజ్రు శాసనములు

1874లో డౌటీ పాలస్తీనా సిరియాదేశములు చేరి, యనంతరము ఈజిప్టును, సీనాయి ద్వీపకల్పమును సంచరించి, 1875లో పెట్రాను దర్శించెను. పెట్రా కొండలను దొలిచి నిర్మించిన ప్రాచీన నబటీయ రాజధాని. దక్షిణమున, డమాస్కసునుండి మక్కాకుఁ బోవు యాత్రికుల బాటలో, నిట్టివే శిలాలయములు మఱికొన్ని గలవనియు, వానిమీఁద వ్రాఁతలు గలవనియు నాతఁడు వినెను. ఆ స్థలము పేరు మదాయిన్ సాలిహ్. అనఁగా సాలిహుని పట్టణములు. ప్రాచీననామము హిజ్రు. ఖురానులోని కథనుబట్టి యచ్చట థమూదు జాతివారు కొండలలో నిండ్లు దొలుచుకొని నివసించిరి; సాలిహ్ ప్రవక్తకు దైవమిచ్చిన యాఁడు ఒంటెను జంపి, యా పాపమున నశించిరి. ఆ మార్గమున నొక కనుమను దాఁటునపుడు, చనిపోయిన యొంటెపిల్ల యఱపు తమ యొంటెలకు వినఁబడకుండునట్లు హజ్ యాత్రికులు తుపాకులు పేల్చి కేకలు వేయుచుండిరని డౌటీ వ్రాసెను.

ఆ వ్రాఁతలకుఁ బ్రతికృతులు తీసికొని రావలయునని యాతనికిఁ గోరిక పుట్టెను. ఇంగ్లండులోని విద్వత్సభలకు సాయము కోరుచు వ్రాసెను, లభింపలేదు. తురుష్క ప్రభుత్వముగాని, డమాస్కసులోని బ్రిటిషు ప్రతినిధిగాని యనుమతిపత్ర మీయలేదు. డౌటీ నిరుత్సాహపడక డమాస్కసులో నొక యేఁడుండి యరబ్బీ భాష నేర్చుకొనెను. తుదకు 1876 నవంబరులో, ఏ పత్రమును లేకయే హజ్ బిడారువెంటఁ బయనమయ్యెను. ఆ బిడారులో సుమారు 6,000 జనులును, 10,000 పశువులును నుండవచ్చునని యాతని యంచనా. నడచునపుడు దాని పొడవు దాదాపు రెండు మైళ్లుండెను.

ఆతఁడు సిరియా దేశస్థునివలె వస్త్రములు ధరించి ఖలీల్ అని పేరు పెట్టుకొనెను. కాని తన మతమును దాఁచలేదు. ఇదివఱకు 1853లో రిచర్డు బర్టను మహమ్మదీయ వేషమున మక్కాకుఁ బోయివచ్చి విఖ్యాతుఁడయ్యెను. డౌటీ మార్గము దానికి విపరీతము. అడిగినవారి కందఱికిని దాను నస్రానినని, అనఁగాఁ గ్రైస్తవుఁడనని, చెప్పుచు నడచెను. ఈ సత్యనిష్ఠ యాతనికిఁ బెక్కుమాఱులు ప్రాణాపాయము తెచ్చినది. అయినను వేషధారికిఁ దన వేషమును గాపాడుకొనుటయే పనియగును. ఎదుటివాఁడు మాటాడునది యాతనితోఁ గాదు, ఆ వేషముతో. డౌటీకి వినఁబడిన మాటలు, అనుగ్రహమో యాగ్రహమో, ఆతని నుద్దేశించిన మాటలే. గ్రంథములోని సంభాషణలకుఁ గల జీవమునకు ముఖ్యకారణ మిదియే.

డిసెంబరులో మదాయిన్ సాలిహ్ చేరి, యచ్చటి జలాశయరక్షణార్థము కట్టఁబడిన చిన్న కోటలో నాతఁడు విడిసెను. కోటలోని యధికారి యొకఁడు కోపమున నాతని గడ్డము పట్టి లాగి కొట్టెను. అయినను బని యాగలేదు. తడిపిన కాగితమును శిలాక్షరములమీఁద నద్ది, కూఁచెతోఁ గొట్టి, యాఱినపిదప నూడఁదీయుట శాసనశోధకు లెఱిఁగిన పద్ధతియే. ఆ విధమున నాతఁడు తీసిన ప్రతికృతులను, మక్కానుండి మరలివచ్చిన హజ్ బిడారుతో డమాస్కసుకుఁ బంపెను.

పరిశీలనమువలన నా శిలాలయములు జనశ్రుతిలోని నివాసగృహములు కావనియు, సమాధులనియు డౌటీ గుర్తించెను. లోపల నస్థులును శవవస్త్రములును గానవచ్చినవి. శాసనములు చదువఁబడిన తరువాత నీ విషయము స్థిరపడినది. అవి అరమాయిక భాషలో నబటీయ లిపిని జెక్కఁబడినవి. ఈ సమాధి ఫలానివానిది, వాని సంతతివారిది. దీనిని విక్రయింపరాదు, తాకట్టు పెట్టరాదు, అన్యులను బాతిపెట్టరాదు. మీఱినవాఁడు దుషరా దేవునికిని రాజునకును నింత ధనము చెల్లింపవలయును. ఇది వాని సాధారణధోరణి. దానశాసనముల తుదిని శాపోక్తులు చదివి యలవడిన తెలుఁగు పండితుల కీ రీతి విచిత్రముగాఁ దోఁపదు. పెక్కింటిలో హరితతు రాజు పాలనసంవత్సరములు చెప్పఁబడినవి. ఈ రాజు క్రీ. పూ. 9 మొదలు క్రీ. శ. 40 వఱకు నేలినవాఁడు. నబటీయ లిపియే క్రమముగా మాఱి యరబ్బీ లిపి యైనదని యిప్పటి లిపిశాస్త్రజ్ఞులు తలఁచుచుండుటచే నా శాసనముల ప్రయోజన మధికము.

బ్రిటిషు మ్యూజియమువారు ఈ ప్రతికృతులను గైకొనలేదు. ఫ్రెంచి పండితుఁడగు రెనాన్ వాని విలువ నెఱిఁగి, పారిసులోని శాసనవిద్వత్పరిషత్తు పక్షమున 1884లోఁ బ్రకటించెను. ఆ సంవత్సరముననే యరేబియాలో శాసనములు సేకరించుచుండిన హ్యూబరు అను ఫ్రెంచి శోధకుఁడు మార్గదర్శకులచేతనే చంపఁబడెను. డౌటీ యాపద లూహాకల్పితములు కావనుట కిది నిదర్శనము. హిజ్రు క్షేత్రమును 2008లో యునెస్కో ప్రపంచవారసత్వస్థలములలోఁ జేర్చినది. సౌదీ అరేబియాలో నట్టి గౌరవమును మొదటఁ బొందినది యిదియే.

బదూయీలతో వాసము

తలపెట్టిన కార్యము 1877 ఫిబ్రవరినాఁటికి ముగిసెను. హజ్ బిడారుతో డౌటీ డమాస్కసుకు మరలిపోవచ్చును. పోలేదు. ఫుకరా తెగ నాయకుఁడగు జైదువెంట నెడారిలోనికి నడచెను. శాసనముల యాత్ర యచ్చట ముగిసి మనుష్యుల యాత్ర మొదలయ్యెను.

ఒంటెల వెండ్రుకలతోను మేఁకవెండ్రుకలతోను నేసిన నల్లని గుడారములు, గుడారము ముందు కాఫీ కాఁచుట, గింజలు దంచు రోలు చప్పుడే యతిథుల కాహ్వానమగుట, మేఁతకొఱకు గుడారములు పెఱికి యొంటెలపైఁ గట్టుకొని పోవుట — ఇవి యెల్ల నాతఁడు దినదినము చూచి వ్రాసెను. వానలు కురిసి పచ్చిక మొలచిన వసంతమున మాత్రమే బదూయీలకుఁ గడుపునిండఁ బాలు దొరకుచుండెను. తక్కిన కాలమెల్ల నర్ధాశనమే. అట్టి యాఁకటిలోను గుడారమునకు వచ్చిన యపరిచితునకు మొదటఁ బెట్టి, పిమ్మటఁ దాము తినువారు. ఒకరి యన్నము తినిన యతిథిని గాపాడుట యాతిథేయునకు ధర్మము. ఈ ధర్మమే డౌటీకిఁ గవచమైనది. ఆ ధర్మమును మీఱిన లోభులను, మోసగాండ్రను గూడ నాతఁడు దాఁపక వర్ణించెను. దరిద్రులయందలి యౌదార్యమును, దారిద్ర్యము పుట్టించు నైచ్యమును ఒక పుటలోనే చూపుట యాతని విశేషము.

జీవనోపాధికై కొన్ని మందులు వెంటఁ గొనిపోయి వైద్యుఁడనని చెప్పుకొనుచుండెను. ఎత్తు కొలుచు వాయుమానయంత్రమును వస్త్రములలో దాఁచి, మఱుఁగునఁ బరిశీలించి వ్రాసికొనుచుండెను. ఖైబరు ప్రాంతమున వాననీరు పడమటికిఁ బ్రవహించు వాదీ అల్-హమ్దు, ఈశాన్యమునకుఁ బోవు వాదీ అర్-రుమ్మా యను రెండు గొప్ప శుష్కనదుల విభాగమును దెలిపిన దాతని భూగోళసేవలలో ముఖ్యమైనది.

తైమా యను నొయాసిస్సులో హద్దాజ్ అను ప్రసిద్ధమైన మహాకూపము గలదు. చుట్టును గిలకలు బిగించి యొంటెలచే నీరు తోడించుచుండిరి. డౌటీ యొకమాఱు వచ్చిపోయిన కొంతకాలమునకు దాని గోడలో నొక భాగము కూలెను. నస్రాని దృష్టి తగిలియే కూలెనని జనులు చెప్పుకొనిరి. ఆతఁడు తిరిగి యా యూరికి వచ్చి యా నింద చెవులార వినెను. విని, తన గ్రంథమునఁ జేర్చెను.

పట్టణములు, ప్రాణాపాయములు

1877 అక్టోబరులో నాతఁడు హాయిల్ పట్టణము చేరెను. అచ్చట నేలుచుండిన మహమ్మదు ఇబ్ను రషీదు బంధువుల రక్తముతో సింహాసన మెక్కినవాఁడు. అయినను మార్గముల నిష్కంటకము చేసిన సమర్థుఁడు. అమీరు డౌటీని బిలిపించి ప్రశ్నించెను కాని, పట్టణమున నాతనికిఁ జిరకాలము నిలువ వీలు కాలేదు. అచ్చటినుండి ఖైబరు చేరఁగా, తురుష్కుల పక్షమున నుండిన సేనాని యాతనిని వేగులవాఁడని నిర్బంధించి, పుస్తకములను గాగితములను మదీనాలోని పాషాకుఁ బంపెను. ఉత్తరువు వచ్చువఱకు నాలుగు నెలలు గడచెను. ఆ నాలుగు నెలలు ప్రాణము నిలిచినది మహమ్మదు అన్-నుజూమీ యను నొక సామాన్యుని దయచేత. ఆతఁడు డౌటీని దన యింటనుంచుకొని, తనకుఁ గలిగినది పెట్టెను. మతభేద మా స్నేహమునకు నడ్డు రాలేదు.

1878 మార్చిలో విడుదలయై హాయిలుకు మరలిపోఁగా, అమీరు లేని సమయమున నాతని సేవకులు పట్టణమునుండి వెడలఁగొట్టిరి. బురైదాలో జనులు మూఁగి దోఁచుకొనిరి. ఉనైజాలో మాత్రము కునైనీ, బస్సామ్ అను విద్యావంతులగు వర్తకు లాతనిని నాదరించిరి. మతావేశపరుల యొత్తిడిచే నచ్చటినుండియు వెడలవలసివచ్చినను, ఆ మిత్రులే పట్టణము వెలుపల నొక ఖర్జూరవనమున నాతనిని దాఁచి, మక్కాదిక్కునకు నేయి కొనిపోవు బిడారుతోఁ బంపిరి.

మక్కాకు సమీపమున ఐన్ అజ్-జైమా యను మజిలీ గలదు. క్రైస్తవునకు మక్కాలోఁ బ్రవేశము లేదు గనుక డౌటీ యచ్చట బిడారును విడువవలసి యుండెను. అపుడు సాలిమ్ అనువాఁ డొకఁడు కత్తి దూసి, మతము మార్చుకొమ్మని, లేనిచోఁ జంపుదునని మీఁదఁబడెను. డౌటీ బట్టలలోపల నిరువదినెలలుగా దాఁచిన పిస్తోలు గలదు. దానిని బ్రయోగింపలేదు, తుదకు వారికే విడిచెను. తాయిఫుకుఁ గొనిపోఁబడఁగా మక్కా షరీఫగు హుసేను ఆతనిని మన్నించి, భోజనవస్త్రము లిచ్చి, రక్షకులతో సముద్రతీరమునకుఁ బంపెను. 1878 ఆగస్టు 2వ తేదిని డౌటీ జిద్దా చేరెను. అచ్చటినుండి ఏడెన్ మీఁదుగా బొంబాయికి వచ్చి చికిత్స పొంది, స్వదేశమునకు మరలెను.

గ్రంథభాష

యాత్రాగ్రంథరచన 1879లో నారంభమయ్యెను. తాను పడిన కష్టములు చెప్పుటకంటె, సెమిటిక్ జాతివారి జీవనమును యథాతథముగాఁ జిత్రించుటయు, ఛాసరు స్పెన్సరుల నాఁటి భాషాసంప్రదాయమును నిలుపుటయు ముఖ్యోద్దేశములని యాతఁడే తరువాతి కాలమునఁ దెలిపెను. కనుక నాతని ప్రాచీనపదములు యాదృచ్ఛికములు కావు.

ఆ భాషాస్వభావమును దెలుఁగు చదువరికి నొక యుపమానముచే బోధింపవచ్చును. తెలుఁగునఁ దత్సమములును దేశ్యములును గలిసియున్నట్లు, ఆంగ్లమున లాటిను ఫ్రెంచి భాషలనుండి వచ్చిన పదములును, ఆంగ్లజాతివారి మూలపదములును గలిసియున్నవి. పొన్నగంటి తెలగనార్యుఁడు యయాతిచరిత్రమున నచ్చతెనుఁగును బట్టినట్లు డౌటీయు మూలపదములయందుఁ బ్రీతి గలవాఁడు. అయితే తెలగనార్యుని నియమ మాతనికి లేదు. లాటిను పదము వస్తువునకుఁ దగినదైనచో దానిని దీసికొనెను. ఆతఁడు నిషేధించినది పరభాషాపదమును గాదు, అరిగిపోయిన పదమును. పలువురి చేతులలో నలిగి రూపు చెడిన నాణెమువంటి మాట, వస్తువును జూపక దాని పేరు మాత్రమే తలఁచును. పూర్వకవుల గ్రంథములనుండి మాటలను, వాని యర్థచ్ఛాయలను ఏర్చి వ్రాసికొనిన పట్టికలను డౌటీ జీవితమంతయుఁ బెంచుకొనెను.

ఎడారిలో వస్తువులు తక్కువ, పేళ్లు సూక్ష్మములు. స్వారియొంటె ‘ధలూల్’, వసంతమేఁత ‘రబీఅ’, ఇసుకకడలి ‘నఫూద్’, దోపిడిదండు ‘గజ్వ్’, కాఁచిన నేయి ‘సమ్న్’. వీనిలోఁ బెక్కింటికి సమానమగు నాంగ్లపదము లేదు. డౌటీ యా యరబ్బీ పదములనే వాక్యములో నిలిపి, ప్రక్కనుండు మాటలచే నర్థము స్ఫురింపఁజేసెను. సంభాషణలందుఁ దాను విన్న యరబ్బీ వాక్యముయొక్క క్రమమును, ఒట్లను, దీవెనలను, సంబోధనలను జెడనీయక యాంగ్లమునఁ గూర్చెను. క్రియ ముందు వచ్చుట, ‘మఱియు’ నని వాక్యములను వరుసఁగాఁ గూర్చుట మొదలగు నరబ్బీ రీతులు ఆధునికాంగ్లవచనమునకు నప్పవు. బైబిలు పూర్వానువాదములనాఁటి యాంగ్లమునకు నప్పును. కావున ప్రాచీనాంగ్లమే యా మాటలను మోయఁగలిగిన పాత్ర యైనది. ఇచ్చట ప్రాచీనత యలంకారము గాదు, పనిముట్టు.

గ్రంథమునకు మొదట లభించిన యాదరణ స్వల్పము. బర్టను తన విమర్శమునఁ బరిశోధనను మెచ్చియు, డౌటీ యంతటి యవమానములు సహించుటను నిందించెను. విలియం మారిసు వంటి కళావిదులు కొందఱు మాత్రము దానిని బ్రీతితోఁ జదివిరి. 1908లో ఎడ్వర్డు గార్నెట్టు చేసిన సంగ్రహమువలన నది సామాన్యజనులకుఁ దెలిసినది. 1912లో రాజకీయ భూగోళసంఘమువారు తమ స్వర్ణపతకము నిచ్చి డౌటీని గౌరవించిరి. మొదటి ప్రపంచయుద్ధమున నరేబియాలోఁ బని చేసిన లారెన్సు, ఆ గ్రంథము తనకు మార్గదర్శియైనదని చాటి, 1921లో వెలువడిన పునర్ముద్రణమునకుఁ బీఠిక వ్రాసెను. ముప్పదియేండ్ల పైఁగా నలభ్యమై యుండిన గ్రంథ మప్పటినుండి పలుమాఱులు ముద్రితమైనది.

గుణదోషవిచారము

ఈ గ్రంథమున దోషములు లేకపోలేదు. ఇస్లాము మతమునుగూర్చి డౌటీ వ్రాసిన మాటలు పెక్కుచోట్లఁ గఠినములు, కొన్నిచోట్ల నన్యాయములు. ఆతని మొండితన మాతనికే గాక, ఆతనికి నాశ్రయమిచ్చినవారికిని జిక్కులు తెచ్చినది. వర్ణన యతిదీర్ఘమై, విరామచిహ్నములు వింతలై, యొక పుట రెండుమాఱులు చదువనిదే బోధపడని తావులు గలవు. అయినను మతమును నిందించిన యా లేఖినియే తన్నుఁ గాపాడిన ముసల్మానుల సౌజన్యమును, వారి మాటలతోనే, లోపము లేకుండ నిలిపినది. నుజూమీయుఁ గునైనీయు నా గ్రంథమున నత్యుత్తమమానవులు. గ్రంథకర్త యభిప్రాయములకంటె నాతని చెవి న్యాయమైనది. విన్నదానిని విన్నట్లు వ్రాయుదునను నియమము, తన ద్వేషమునుండి తన గ్రంథమును గొంతవఱకైనఁ గాపాడినది.

మిగిలినది భాషనుగూర్చిన ప్రశ్నము. దీనికి సమాధానము డౌటీ యుత్తరజీవితమున దొరకును. 1886లో వివాహమై, యిద్దఱు కుమార్తెలను గన్న డౌటీ, యాత్రాగ్రంథము వెలువడిన తరువాత యౌవనసంకల్పమగు కావ్యరచనకుఁ బూనెను. 1906 మొదలు ‘ది డాన్ ఇన్ బ్రిటన్’ అను మహాకావ్యము ఆఱు సంపుటములుగాఁ బ్రకటింపఁబడెను. అటుపిమ్మట ‘ఆడం కాస్ట్ ఫోర్త్’, ‘ది క్లిఫ్సు’, ‘ది క్లౌడ్సు’, ‘ది టైటన్సు’, ‘మాన్‌సోల్’ అను కావ్యములు వెలువడెను. తాను కవిగనే స్మరింపఁబడుదునని యాతని నమ్మకము. యాత్రాగ్రంథ మాతని దృష్టిలో నా కావ్యములకు సోపానము మాత్రమే. కావ్యములను మెచ్చిన విమర్శకులు కొందఱు గలరు. చదివినవారు మాత్రము బహుస్వల్పము. 1922లో లారెన్సు మొదలగువారి ప్రయత్నమున రాజకోశమునుండి యుపవేతనము లభించినది. 1926 జనవరి 20వ తేదిని కెంటు మండలములోని సిసింగ్‌హర్స్టున డౌటీ మరణించెను. రెండేండ్ల తరువాత హోగార్తు వ్రాసిన జీవితచరిత్రము ప్రకటితమైనది.

యాత్రాగ్రంథమునను గావ్యములందును భాష యొక్కటియే. ఆ పదములే, ఆ వాక్యరీతియే, ఆ గురువులే. అయినను మొదటిది నిలిచినది. రెండవవి గ్రంథాలయముల యఱలలో విశ్రమించినవి. భేదము భాషలో లేదు గనుక నది వేఱొకచోట నుండవలయును. కావ్యములలోని బ్రిటను డౌటీ పుస్తకములలోఁ జదివిన బ్రిటను. అచ్చటి వీరులు పలికిన మాట లాతఁడు వినినవి కావు. అరేబియాలో మాత్రము ప్రతిపదమునకును ఎదుట నొక వస్తువుండెను. దప్పి యన్నపుడు దప్పి యుండెను. నీడ యన్నపుడు నీడ లేకపోవుట యుండెను. ప్రాచీనపదము దానంతట నది గుణమును గాదు, దోషమును గాదు. కన్న వస్తువును, విన్న పలుకును మోయునపుడు నాలుగువందల యేండ్లనాఁటి మాటయు నిన్నఁ బుట్టినట్లు కనఁబడును. మోయుట కేమియు లేనపుడు నిన్నటి మాటయుఁ బ్రాఁతదే యగును.

ప్రాచీనభాషనే నిలుపవలయునని డౌటీ పట్టిన పట్టు నాఁడు మొండితనముగాఁ దోఁచినది. ఆ పట్టువలన నిలిచినది ఛాసరుని భాష మాత్రమే కాదు. నల్లని గుడారముల ముందు కాఫీ చుట్టును గూర్చుండి మాటాడిన యక్షరజ్ఞానము లేని బదూయీల పలుకులును, ఖైబరులో నొక పరదేశికి నన్నము పెట్టిన నుజూమీ పేరును దానితోడనే నిలిచినవి.